తిరుగు దారి బరువు

కొండల్లోకి వేటకు వెళ్లేవాడు ముందుగా చూసుకునేది తుపాకీయో విల్లో అనుకుంటాం. అమెరికా పశ్చిమ కొండల్లో తలపండిన వేటగాళ్లు మాత్రం వీపున మోసే సంచిని చూసుకుంటారు. అదీ... వెళ్లేటప్పటి బరువు కోసం కాదు, వచ్చేటప్పటి బరువు కోసం!

సెప్టెంబరు వచ్చిందంటే డెన్వర్‌, బాయిసీ, బోజ్‌మన్‌ లాంటి ఊళ్లలోని ఆఫీసుల్లో కొన్ని కుర్చీలు ఖాళీ అవుతాయి. ఏడాదంతా సెలవు ఊసే ఎత్తనివాళ్లు కూడా ఆ నెలలో వారం రోజులు కావాలంటారు. అక్కడ కొత్తగా ఉద్యోగంలో చేరిన మన తెలుగు పిల్లలకు మొదట అంతుపట్టదు. పండగా కాదు, పబ్బమూ కాదు. మరెందుకీ సెలవు? ఎల్క్‌ల కోసం!

మన అడవుల్లోని కణుజు తెలుసు కదా. చూడటానికి కాస్త అలాగే ఉండి, దానికన్నా భారీగా పెరిగే దుప్పి ఎల్క్‌. రాకీ పర్వతాల్లో బాగా ఎదిగిన మగ ఎల్క్‌ మూడు వందల కిలోలు దాటుతుంది. సెప్టెంబరు వాటి జతకట్టే కాలం. తెల్లవారుజామున లోయల్లో మగ ఎల్క్‌ వేసే కూత సన్నటి ఈలలా మొదలై కొండలన్నీ మారుమోగుతుంది. ఆ కూత విన్నవాడు మళ్లీ ఏడాది అక్కడికి వెళ్లకుండా ఉండలేడంటారు.

మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేట నేరమైంది. అక్కడ మాత్రం అది లెక్కా పత్రం ఉన్న వ్యవహారం. ఏ కొండలో, ఏ తేదీల్లో, ఏ ఆయుధంతో, మగదాన్నా ఆడదాన్నా... అన్నీ అనుమతి పత్రంలోనే ఉంటాయి. చాలాచోట్ల ఆ పత్రం కోసం లాటరీ వేస్తారు. అది దొరకడానికి ఏళ్ల తరబడి ఎదురుచూసేవాళ్లూ ఉన్నారు. వేట మంచిదా చెడ్డదా అన్న వాదన అమెరికాలోనూ ఉంది. ఆ సంగతి అలా ఉంచితే, ఆ పత్రం చేతికొచ్చిన మనిషి భుజాన వేసుకునే సంచిలోనే చెప్పుకోదగ్గ కథ బోలెడంత ఉంది.

అయిదు కిలోమీటర్లు... అసలు ఎంత?

అక్కడ చాలా కొండలు ప్రభుత్వ భూములు. వాటిలో కొన్నింటిని 1964లో వచ్చిన వైల్డర్‌నెస్‌ చట్టం కింద ప్రత్యేకంగా కాపాడుతున్నారు. ఆ హద్దు దాటాక జీపు వెళ్లదు, మోటారు సైకిలు వెళ్లదు, మామూలు సైకిలు కూడా వెళ్లకూడదు. గుర్రమైనా ఉండాలి, కాళ్లయినా ఉండాలి. గుర్రాల్లేనివాళ్లే ఎక్కువ. అలాంటివాళ్లు అయిదారు రోజులకు సరిపడా సరంజామా వీపున కట్టుకుని, రోడ్డుకు దూరంగా జనం పలచబడే చోటికి నడుస్తారు. మూడు వేల మీటర్ల ఎత్తులో గుడారం వేసుకుంటారు.

రోడ్డు నుంచి అయిదు కిలోమీటర్ల లోపల ఒక్కడే ఉన్నాడనుకుందాం. వేట ఫలించింది. ఫొటోల్లో కథ అక్కడితో అయిపోతుంది. నిజంగా మొదలయ్యేది అక్కడే!

పెద్ద మగ ఎల్క్‌కు ఎముకలు తీసేసినా తొంభై నుంచి నూరు కిలోల మాంసం ఉంటుంది. మోతకు పాతిక కిలోల చొప్పున వేసుకుంటే నాలుగు మోతలు. నాలుగు మోతలంటే నాలుగుసార్లు బరువుతో దిగడం, మధ్యలో మూడుసార్లు ఖాళీ సంచితో ఎక్కడం. ఏడు అయిదులు ముప్ఫై అయిదు. గుడారం, పడక, మిగిలిన సామాను దించడానికి ఇంకోసారి వెళ్లి రావాలంటే మరో పది. అయిదు కిలోమీటర్లు కాస్తా నలభై అయిదు కిలోమీటర్లయ్యాయి! అదీ చదునైన బాటలో కాదు. పడిపోయిన చెట్ల మీదుగా, జారే రాళ్ల మధ్య. బరువుతో గంటకు రెండు కిలోమీటర్లు నడిస్తే గొప్ప. పగలంతా కష్టపడినా రెండు రోజుల పని.

ఈలోగా మాంసం ఊరుకోదు. సెప్టెంబరులో రాత్రి మంచు పడినా మధ్యాహ్నం ఎండ మండుతుంది. కాబట్టి సంచి కొనేటప్పుడు వేసుకోవాల్సిన మొదటి ప్రశ్న ‘ఇందులో ఎన్ని పడతాయి?’ అన్నది కాదు. ‘ఇది వీపున ఉండగా పాతిక, ముప్ఫై కిలోలతో కొండ దిగగలనా?’ అన్నది.

ఖాళీ సంచి అబద్ధమాడుతుంది

దుకాణంలో ఖాళీ సంచి వేసుకుని అద్దంలో చూసుకుంటే ప్రతిదీ బాగానే ఉంటుంది. మెత్తటి పట్టీలు, చక్కటి రంగు, లెక్కలేనన్ని జేబులు! అందుకే అనుభవజ్ఞులు ఇసుక బస్తాయో బియ్యం బస్తాయో పెట్టి, అరగంట మెట్లెక్కి దిగి చూడమంటారు. అప్పుడు గానీ దాని అసలు గుణం బయటపడదు.

కిటుకంతా నడుము బెల్టులో ఉంది. మంచి సంచి బరువు భుజాల మీద ఉండదు. గట్టి ఫ్రేము ద్వారా నడుము ఎముకల మీదికి, అక్కడి నుంచి కాళ్లలోకి దిగుతుంది. భుజం పట్టీలు సంచి వెనక్కి పడిపోకుండా పట్టుకునేందుకే. బెల్టు జారిందా... మోత మొత్తం మెడ మీద పడుతుంది. గంట తిరిగేసరికి వేళ్లు తిమ్మిరెక్కుతాయి.

కొలత కూడా మనిషి ఎత్తును బట్టి కాదు, వీపు పొడవును బట్టి. తల వంచితే మెడ కింద చేతికి తగిలే ఎముక నుంచి నడుము ఎముకల పైఅంచు దాకా టేపు పెట్టి కొలుస్తారు. ఆరడుగుల మనిషికి పొట్టి వీపు ఉండొచ్చు, అయిదున్నర అడుగుల మనిషికి పొడవాటి వీపు ఉండొచ్చు. అన్న సంచి తమ్ముడికి సరిపోతుందన్న నమ్మకం లేదు.

మామూలు ట్రెక్కింగ్‌ సంచికీ వేట సంచికీ పెద్ద తేడా ఇంకోటుంది. వేట సంచిలో ఫ్రేము వేరు, సంచి వేరు. పట్టీలు వదులు చేస్తే రెండింటి మధ్య అరలాంటి ఖాళీ ఏర్పడుతుంది. మాంసం మూట అక్కడ ఇరికించి, బిగించి కట్టేస్తారు. బరువు వెన్నుకు ఎంత దగ్గరగా ఉంటే మోయడం అంత తేలిక. బిందెను చంకకు హత్తుకుని నడవడానికీ, చెయ్యి చాచి పట్టుకుని నడవడానికీ ఉన్న తేడా లాంటిదే ఇది. మూట కిందికి జారినా, వెనక్కి వేలాడినా మనిషిని లాగి పడేస్తుంది.

ఎనభై నుంచి నూటపది లీటర్లు పట్టే సంచులు ఈ పనికి వాడతారు. వాటి సొంత బరువే రెండున్నర, మూడు కిలోలుంటుంది. ‘ఖాళీ సంచే మూడు కిలోలా!’ అని అర కిలో తేలికైన దానివైపు చెయ్యి పోతుంది. పాతిక కిలోల మాంసం కట్టాక ఆ తేలికపాటి ఫ్రేము వంగిపోతే, మిగిల్చిన అర కిలో నడుము మీద వడ్డీతో సహా పడుతుంది.

మంచులో దొరికిన చట్రం

ఈ బాధ ఇవాళ్టిది కాదు. 1991 సెప్టెంబరులో ఆస్ట్రియా, ఇటలీ సరిహద్దులోని ఆల్ప్స్‌ పర్వతాల్లో 3,210 మీటర్ల ఎత్తున మంచులో ఓ మనిషి దేహం బయటపడింది. వయసు తేలిస్తే దాదాపు 5,300 ఏళ్లు! ఎట్జీ అని పేరు పెట్టారు. అతని పక్కన రాగి గొడ్డలి, ఇంకా చెక్కడం పూర్తికాని విల్లు, పద్నాలుగు బాణాలున్న పొది దొరికాయి. వాటితోపాటే వంచిన హేజెల్‌ కర్ర, లార్చ్‌ చెక్కలు కూడా. అవి వీపున మోసే సంచి చట్రానివని చాలామంది పరిశోధకుల అభిప్రాయం. నిప్పు కణికలను ఆకుల్లో చుట్టి తీసుకెళ్లడానికి చెట్టు బెరడుతో చేసిన డబ్బా కూడా ఉంది. అతని కడుపులో కొండమేక మాంసం, దుప్పి మాంసం ఆనవాళ్లు కనిపించాయి. నిప్పు, పదును, ఆయుధం, మోసే చట్రం... ఇవాళ్టి వేటగాడి జాబితా కూడా ఇంచుమించు ఇదే.

అమెరికాలో 1920లలో లాయిడ్‌ నెల్సన్‌ అనే ఆయన చెక్క చట్రానికి గుడ్డ బిగించి చేసిన ‘ట్రాపర్‌ నెల్సన్‌’ సంచి దశాబ్దాలపాటు వేటగాళ్ల వీపుల మీద ఊరేగింది. 1950ల మొదట్లో కాలిఫోర్నియాలో డిక్‌ కెల్టీ, ఆయన భార్య నీనా అల్యూమినియం గొట్టాలతో ఫ్రేములు చేసి అమ్మడం మొదలుపెట్టారు. బరువును నడుము మీదికి దించే బెల్టు వాళ్ల సంచులతోనే బాగా వాడుకలోకి వచ్చింది. 1967లో గ్రెగ్‌ లోవ్‌ ఫ్రేమును సంచి లోపలికే చేర్చాడు. ఇవాళ కార్బన్‌ ఫైబర్‌ ఫ్రేములూ వచ్చాయి. సరుకు మారింది తప్ప సూత్రం మారలేదు. బరువు ఎముక మీద పడాలి, కండ మీద కాదు.

ఏం పెట్టాలి? ఏం వదలాలి?

సంచి కుదిరాక సర్దుడు. గుడారం కిలోంబావు, స్లీపింగ్‌ బ్యాగ్‌ కిలోంబావు, కింద పరుచుకునే పరుపు అర కిలో, స్టవ్వు, గ్యాసు, గిన్నె కలిపి అర కిలో, బైనాక్యులర్స్‌, స్టాండు రెండు కిలోలు, అయిదు రోజుల తిండి నాలుగు కిలోలు, నీళ్లు రెండు లీటర్లు, విల్లో తుపాకీయో మూడు కిలోలు, బట్టలు, కత్తి, మందులు, టార్చి... ఎంత పొదుపుగా సర్దినా ఇరవై కిలోలు దాటుతుంది. అందుకే ప్రతి వస్తువునూ వంటింటి త్రాసు మీద పెట్టి తూస్తారు. టూత్‌ బ్రష్‌ పిడి సగానికి కోసేసేవాళ్లూ ఉన్నారంటే నవ్వొస్తుంది గానీ, మూడు వేల మీటర్ల ఎత్తులో ఆయాసపడుతూ ఎక్కేవాడికి రాదు.

బట్టల్లో మొదటి నియమం... నూలు వద్దు. మన ఎండలకు నూలును మించింది లేదు. కానీ ఆ కొండల్లో చెమటకో వానకో తడిసిన నూలు బట్ట ఆరదు, ఒంట్లో వేడిని లాగేస్తూ ఉంటుంది. గడ్డకట్టే చలే అక్కర్లేదు, సున్నాకు అయిదారు డిగ్రీలు పైన ఉన్నప్పుడు కూడా తడి బట్టలు, గాలి కలిస్తే ఒంటి వేడి ప్రమాదకరంగా పడిపోతుంది. ముందు వణుకు, తర్వాత మాట తడబాటు, ఆపైన తెలివి తప్పడం. అందుకే ఒంటికి ఆనేది మెరీనో ఉన్నిదో, పాలియెస్టర్‌దో వేసుకుంటారు. బాతు నూగు ఈకలు నింపిన స్లీపింగ్‌ బ్యాగ్‌ తేలిక, వెచ్చన. తడిస్తే మాత్రం ముద్దయిపోతుంది. అది ఒక్కటీ ఎప్పుడూ నీళ్లు చొరని కవరులోనే ఉండాలి.

తిండిలో చూసేది రుచి కాదు, బరువుకు ఎంత బలం అన్నది. బరువు మోస్తూ రోజంతా కొండలెక్కే మనిషికి మూడు, నాలుగు వేల కేలరీలు కావాలి. నూరు గ్రాముల బియ్యంలో దాదాపు 350 కేలరీలుంటే, అంతే బరువున్న వేరుశనగ గుళ్లలో 560 పైమాటే. నెయ్యిలో తొమ్మిది వందలు! అక్కడివాళ్లు పీనట్‌ బటర్‌, బాదం, జున్ను మోసుకెళ్తారు. మన పల్లీ చిక్కీ కూడా ఆ లెక్కకు నిక్షేపంగా సరిపోతుంది.

నీళ్లు లీటరుకో కిలో. కాబట్టి మోయరు, వాగుల్లో పట్టి వడపోస్తారు. సన్నటి గొట్టాలుండే ఈ ఫిల్టర్లు రాత్రి చలికి గడ్డకడితే లోపల చిట్లిపోతాయి. పైకి ఏమీ తెలియదు, మర్నాడు నీళ్లతోపాటు రోగమూ లోపలికి పోతుంది. అందుకే ఫిల్టరును పక్కలో పెట్టుకుని పడుకుంటారు. ఇలాంటి చిన్న సంగతులే అక్కడ మనిషిని నిలబెట్టేవి.

కొన్ని వస్తువుల విషయంలో మాత్రం బరువు గురించి మాట్లాడకూడదు. ప్రథమ చికిత్స సామాను, నిప్పు పుట్టించేవి రెండు రకాలు, కాగితం మ్యాపు, దిక్సూచి, ఫోను సిగ్నలు లేనిచోట ఉపగ్రహం ద్వారా సందేశం పంపే పరికరం. ఈ చివరిది నూరు గ్రాములు కూడా లేని రకం దొరుకుతోంది. ఇంట్లోవాళ్లకు రాత్రికో మాట ‘బాగానే ఉన్నాను’ అని చేరుతుంది. మోసేది కొండ మీది మనిషి, నిద్రపట్టేది ఇంట్లో ఆడమనిషికీ పిల్లలకూ!

రంగుకూ చట్టముంది. కొలరాడోలో తుపాకీ వేట రోజుల్లో నడుము పైభాగాన కనీసం 500 చదరపు అంగుళాల మేర మెరిసే నారింజ రంగుగానీ గులాబీ రంగుగానీ కనపడాలి, నెత్తిన టోపీ కూడా ఆ రంగుదే ఉండాలి. దుప్పి జాతికి ఆ రంగు మనకు కనపడినంత కొట్టొచ్చినట్టు కనపడదు, తోటి వేటగాడికి మాత్రం దూరం నుంచే కనపడుతుంది. చిక్కల్లా సంచితోనే. నారింజ చొక్కా వేసుకున్నా వీపున సంచి దాన్ని కప్పేస్తుంది. అందుకే సంచి మీద కూడా ఓ నారింజ గుడ్డ కడతారు.

గేట్‌వుడ్‌ అమ్మమ్మకు లేని చిక్కు

తేలిగ్గా నడవడం గురించి మాట్లాడితే అమెరికాలో అందరూ తలచుకునే పేరు ఎమ్మా గేట్‌వుడ్‌. 1955లో, 67 ఏళ్ల వయసులో, మూడు వేల కిలోమీటర్లకు పైనున్న అపలాచియన్‌ ట్రయల్‌ను ఒంటరిగా నడిచేసింది. సొంతంగా కుట్టుకున్న సంచి ఒంటి భుజాన వేసుకుంది. కాళ్లకు కాన్వాసు బూట్లు, వానకు స్నానాల గది ప్లాస్టిక్‌ తెర. అంతే! ఆవిడను చూపించి ‘ఇంత సామాను ఎందుకయ్యా’ అని వేటగాళ్లను అడగొచ్చు.

కానీ నడిచేవాడి సంచి రోజురోజుకీ తేలికవుతుంది. తిన్నకొద్దీ తరుగుతుంది. వేటగాడి సంచి అనుకున్నది జరిగితే బరువెక్కాలి, అదీ ఒంట్లో ఓపిక అయిపోయిన చివరి రోజున. రెండు సంచుల మధ్య తేడా అంతా అదే. పైకి ఎక్కించే ప్రతి అనవసరపు కిలో, కిందికి దిగాల్సిన మాంసంలో ఓ కిలో చోటు తినేస్తుంది.

కొమ్ములు ఆఖరి మోతకే

అందుకే సంచి అడుగున మడత పెట్టి ఉండే నాలుగైదు గుడ్డ సంచులు అన్నిటికన్నా ముఖ్యం. అర కిలో కూడా ఉండవు. జంతువు పడిన వెంటనే తోలు తీసి, తొడలు, జబ్బలు, వెన్ను మాంసం విడదీసి వీటిలో వేస్తారు. గాలి ఆడాలి, ఈగ వాలకూడదు. తోలు కింద ఉన్నంతసేపూ లోపలి వేడి పోదు, ఎముక దగ్గర ముందు పాడవుతుంది. నీడన, గాలి వచ్చేచోట చెట్టుకు వేలాడదీస్తే రాత్రి చలికి చల్లబడుతుంది. ప్లాస్టిక్‌ కవర్లో కట్టేస్తే అంతే సంగతులు.

మాంటానా, వయోమింగ్‌ కొండల్లో ఇంకో చిక్కు... గ్రిజ్లీ ఎలుగుబంట్లు. నెత్తుటి వాసనకు అవి వస్తాయి. మాంసాన్ని గుడారానికి దూరంగా వేలాడదీస్తారు. ఎలుగుల మీద కొట్టే ఘాటైన మిరప స్ప్రే డబ్బాను సంచిలో కాకుండా ఛాతీ మీదో నడుముకో పెట్టుకుంటారు. సంచి విప్పి వెతుక్కునేంత తీరిక ఎలుగుబంటి ఇవ్వదు కదా!

తినదగిన మాంసాన్ని కొండ మీద వదిలేసి రావడాన్ని అక్కడి చట్టాలు నేరంగా చూస్తాయి. అలస్కాలో నియమం ఇంకా కచ్చితం. కొమ్ములను ముందు మోసుకుపోవడానికి వీల్లేదు. మాంసమంతా దించాక, ఆఖరి మోతతోనే అవి కదలాలి. గోడకు తగిలించుకునే గొప్ప కోసం తిండిని కుళ్లబెట్టకూడదన్నమాట.

ఈ పట్టింపు ఊరికే రాలేదు. 1870లలో అడవి దున్నలను తోళ్ల కోసం, నాలుకల కోసం కాల్చి, మిగతాదంతా మైదానాల్లో కుళ్లిపోనిచ్చిన చరిత్ర ఆ దేశానిది. కోట్లలో ఉన్న దున్నలు వందల్లోకి వచ్చేశాయి. ఎల్క్‌లూ చాలాచోట్ల తుడిచిపెట్టుకుపోయాయి. 20వ శతాబ్దం మొదట్లో వయోమింగ్‌ నుంచి తెచ్చి కొలరాడోలో వదలాల్సి వచ్చింది. 1900లో లేసీ చట్టం, ఆ తర్వాత రాష్ట్రాల చట్టాలు అడవి మాంసం వ్యాపారానికి అడ్డుకట్ట వేశాయి. 1937 నుంచి తుపాకులు, తూటాల మీద వేసే ప్రత్యేక పన్ను వన్యప్రాణుల సంరక్షణకు వెళ్తోంది. ఇవాళ ఒక్క కొలరాడోలోనే రెండున్నర లక్షలకు పైగా ఎల్క్‌లున్నాయి.

కాల్చకపోవడమూ లెక్కే

ఇదంతా చివరికి ఒక్క క్షణం దగ్గరికి వచ్చి ఆగుతుంది. అయిదో రోజు సాయంత్రం. కాళ్లు పట్టేశాయి. తిండి అయిపోవచ్చింది. అప్పుడు ఎదురు లోయలో, బాణం దూరంలో, ఏళ్ల తరబడి ఎదురుచూసిన మగ ఎల్క్‌! అనుమతి పత్రం జేబులో ఉంది. గురి తప్పదు. చట్టం కాదనదు.

అలవాటున్నవాడు ఆ క్షణంలో వెనక్కి తిరిగి చూస్తాడు. ఈ లోయ నుంచి పైకి ఎంత ఎక్కాలి? అక్కడి నుంచి రోడ్డు ఎంత దూరం? రేపు ఎండ ఎలా ఉంటుంది? తోడు వచ్చేవాళ్లెవరైనా ఉన్నారా? నా మోకాళ్లు ఇంకా ఎన్ని మోతలు మోస్తాయి? వీపున ఉన్న సంచి, దాని వెనక ఉన్న ఒళ్లు... రెండూ కలిసి ‘చాలదు’ అంటే విల్లు దించేయాలి. కష్టమైన పనే. వారం సెలవు, బోలెడంత ఖర్చు, ఏళ్ల ఎదురుచూపు అన్నీ అక్కడే వదిలేసి రావాలి.

దించినవాడి ఫొటో ఎక్కడా రాదు. ఇంటికొచ్చాక ‘ఏం తెచ్చావు?’ అంటే చూపించడానికి ఏమీ ఉండదు. కానీ లోయలో ఆ ఎల్క్‌ మర్నాడు పొద్దున్నే మళ్లీ కూస్తుంది. మోయలేనిదాన్ని కొట్టకూడదని తెలిసినవాడే దాన్ని మళ్లీ ఏడాది వెతుక్కుంటూ వస్తాడు... ఈసారి బహుశా ఇంకో స్నేహితుడినీ, ఇంకో సంచినీ వెంటబెట్టుకుని.